ల్యాబ్ దాటిన కంపెనీ: వ్యవస్థాపకుల్లో ఎవరుండాలి?

వ్యాఖ్యాత: విశ్వవిద్యాలయాల ల్యాబుల్లో పుట్టిన కంపెనీలు కొన్ని పెద్దవవుతాయి. చాలావరకు పేటెంటు దగ్గరే ఆగిపోతాయి. తేడా ఎక్కడ వస్తోంది మేడమ్?

ఇన్వెస్టర్: జట్టులోనే అండీ. మా దగ్గరకు తరచూ ప్రొఫెసర్ గారు, ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసిన ఇద్దరు కలిసి వస్తారు. ముగ్గురికీ తెలిసిందీ ఒకటే, తెలియనిదీ ఒకటే. కొనేదెవరని అడిగితే మళ్లీ టెక్నాలజీ గురించే మొదలుపెడతారు. అమెరికా బయోటెక్ కంపెనీ జెనెన్‌టెక్‌ను చూడండి. 1976లో హెర్బర్ట్ బోయర్ శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రొఫెసర్. రాబర్ట్ స్వాన్సన్ ముప్పై కూడా నిండని యువకుడు, పెట్టుబడుల రంగం నుంచి వచ్చాడు. పది నిమిషాలు మాట్లాడదామని బోయర్ ఒప్పుకుంటే ఆ మాటలు మూడు గంటలు సాగాయి. చెరో 500 డాలర్లు వేసుకుని కంపెనీ పెట్టారు.

ప్రొఫెసర్: బోయర్ చేసినదీ చెప్పాలి కదా. ఆయన ఉద్యోగం వదల్లేదు. కంపెనీ శాస్త్రవేత్తలు పరిశోధన పత్రాలు ప్రచురించుకోవచ్చన్నాడు. అందుకే మెరికల్లాంటి యువ పరిశోధకులు చేరారు. 1978లో బ్యాక్టీరియాతో మానవ ఇన్సులిన్ తయారైందంటే అందులో వాళ్ల పాత్ర పెద్దది. వ్యాపారం తెలిసినవాడు ఒకడుంటే సరిపోతుందంటే ఎలా?

ఇన్వెస్టర్: సరిపోతుందని అనలేదు సార్. మొదటి రోజు నుంచీ ఉండాలంటున్నాను. మూడేళ్ల తర్వాత జీతానికి తెచ్చుకున్న సీఈవో మాట ప్రొఫెసర్ ముందు చెల్లదు. శిష్యుడైతే అసలు నోరే విప్పడు.

వ్యాఖ్యాత: మన దేశంలో?

ప్రొఫెసర్: రాకెట్లు తయారుచేసే అగ్నికుల్ ఉంది. 2017లో ఐఐటీ మద్రాసులో మొదలైంది. దాని వ్యవస్థాపకుల్లో శ్రీనాథ్ రవిచంద్రన్ అంతకుముందు ఆర్థిక రంగంలో పనిచేశారు. మొయిన్ నిర్వహణ చూసుకుంటారు. ప్రొఫెసర్ సత్యనారాయణన్ చక్రవర్తి దహన శాస్త్రంలో దిట్ట, ఐఐటీలోనే పాఠాలు చెబుతారు. 2024 మే 30న శ్రీహరికోటలోని సొంత లాంచ్‌ప్యాడ్ నుంచి, 3డి ప్రింటింగ్‌తో ఒకే ముక్కగా చేసిన ఇంజిన్‌తో రాకెట్ ఎగిరింది. దానికి ముందు ప్రయోగం పలుమార్లు వాయిదా పడింది. అలాంటప్పుడు ఇంజిన్ దగ్గర కూర్చునేవాళ్లూ కావాలి, డబ్బు పెట్టినవాళ్లకు జవాబు చెప్పేవాళ్లూ కావాలి.

పారిశ్రామికవేత్త: హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ విశ్వవిద్యాలయ కంపెనీ కాకపోయినా ఇక్కడ గుర్తుచేసుకోవాలి. వరప్రసాద్ రెడ్డి గారు ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు. శాస్త్రవేత్తలను కూడగట్టి 1997లో హెపటైటిస్-బి టీకా తెచ్చారు. అయితే మీరిద్దరూ వాటాల ఊసే ఎత్తడం లేదు. నాకు కడుపు మండేది అక్కడే. వారానికి ఒక పూట వచ్చే ప్రొఫెసర్‌కు సగం వాటా, రాత్రింబగళ్లు పనిచేసే విద్యార్థికి పది శాతం! రెండేళ్లకు ఆ అమ్మాయో అబ్బాయో వేరే ఉద్యోగం చూసుకుంటారు. అప్పుడు పేటెంటు మిగులుతుంది, దాన్ని నడిపించేవాళ్లు ఉండరు.

ప్రొఫెసర్: పదేళ్ల పరిశోధన నాదైనప్పుడు?

పారిశ్రామికవేత్త: దానికి రాయల్టీ తీసుకోండి సార్, న్యాయం. వాటా మాత్రం ఇకముందు చేసే పనిని బట్టి ఉండాలి. నాలుగేళ్లు నిలబడితేనే పూర్తిగా దక్కేలా అందరికీ ఒకటే షరతు పెట్టండి, మీతో సహా. కంపెనీ రిజిస్టర్ కాకముందే రాసుకోండి.

ప్రొఫెసర్: రాసుకుంటాం. కానీ పూర్తికాలం పనిచేయమంటే నాకు సెలవు కావాలి. ఏడాది రెండేళ్లు వెళ్లినా ప్రమోషన్ ఆగదని విశ్వవిద్యాలయం హామీ ఇవ్వాలి. అది లేకుండా మమ్మల్ని ఒక పూట మనుషులని అనడం సబబు కాదు.

ఇన్వెస్టర్: ఆ మాటకు నేనూ మీవైపే.