వరండాకి హీటర్ కొంటున్నారా? కోనసీమ మంచుకి ఏది నిలబడుతుందో చూద్దాం

నమస్కారమండి. ధనుర్మాసం వచ్చిందంటే గోదావరి జిల్లాల్లో చాలామందికి వచ్చే ఆలోచనే ఇది. రాత్రి భోజనాలయ్యాక వరండాలోనో డాబా మీదో కాసేపు కూర్చోవాలి, చలికి హీటర్ ఏదైనా పెట్టుకుందామా అని. పెట్టుకోవచ్చు. కానీ షాపులో మొదట చూపించేది తెచ్చేసుకుంటే మాత్రం డబ్బు దండగవుతుంది. ఈ బల్ల మీద హాలోజన్, కార్బన్, సిరామిక్ హీటర్లున్నాయి. వెనకాల నిలబడి ఉన్న పొడుగాటి గొడుగు గ్యాస్ హీటర్. ఒక్కొక్కటీ విప్పి చూద్దాం.

ముందు మన చలి ఎలాంటిదో చూడాలండి. అమలాపురం, పాలకొల్లు, భీమవరం వైపు డిసెంబరు, జనవరి రాత్రుళ్లు మామూలుగా 17 నుంచి 20 డిగ్రీల దగ్గర ఉంటుంది. మారేడుమిల్లి చలి కాదు మనది. మనల్ని పట్టేది మంచు, తేమ, వాటితో పాటు ఈశాన్యం నుంచి వచ్చే గాలి. అందుకని పెద్ద పెద్ద కిలోవాట్లు మనకి అక్కర్లేదు. కూర్చున్న మనిషి కాళ్లకీ నడుముకీ వేడి తగిలితే చాలు. ఫ్యాన్‌తో వేడిగాలి ఊదే బ్లోయరు, ఆయిల్ హీటరు గదుల్లో వాడేవి. బయట ఎంతసేపు వేసినా వేడెక్కిన గాలి పైకి పోతుంది, మీ దగ్గర నిలవదు. బయట పనిచేసేది కిరణాలతో ఒంటికి నేరుగా వేడి తగిలించే రకమే. పొద్దున నీరెండలో కూర్చుంటే గాలి చల్లగానే ఉన్నా వీపు వెచ్చబడుతుంది చూడండి, అలాగ.

ఇంకో మాట, హీటర్ కంటే ముందు గాలిని ఆపండి. వరండాకి ఉత్తరం, తూర్పు వైపుల వెదురు తడకగానీ దళసరి కాన్వాస్ తెరగానీ దించండి. చాలా ఇళ్లలో దానితోనే సగం ఇబ్బంది పోతుంది. గాలి కొడుతుంటే హీటర్ ఇచ్చిన వేడిని ఒంటి మీద నుంచి అదే లాగేస్తుంది. తెర మాత్రం హీటర్ ముందుకు ఎగిరి రాకుండా కింద బరువు కట్టాలి, హీటర్‌కి మీటరు దూరంలో ఉండాలి.

ఇప్పుడు హాలోజన్. గాజు గొట్టంలో టంగ్‌స్టన్ తీగ, స్విచ్ వెయ్యగానే వేడి. ఘాటుగానే తగులుతుంది. చిక్కేంటంటే వెలుతురు. వరండా అంతా ఎర్రగా మండిపోతున్నట్టు ఉంటుంది. పొలం పక్క ఇల్లయితే ఆ వెలుగుకి పురుగులన్నీ మీ కంచాల్లోకే వస్తాయి. ఈ గొట్టాన్ని అడ్డంగానే బిగించాలండి. నిలువుగా పెడితే లోపలి తీగ సాగి కిందికి జారుతుంది, తొందరగా పోతుంది. గొట్టం మారిస్తే ఉత్త చేత్తో పట్టుకోకండి. వేలి జిడ్డు అంటిన చోట వేడికి గాజు తెల్లబడి పగులుతుంది. పొరపాటున తగిలితే స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక బిగించండి.

గదిలో వాడే స్టాండు హాలోజన్ హీటర్‌ని వరండాలోకి తెచ్చుకునేవాళ్లు చాలామంది. అది మాత్రం వద్దు. నీటి చుక్క లోపలికి పోకుండా ఆపే ఏర్పాటు దానికి ఏమీ ఉండదు. కింద నేల తడి, కాళ్లకి చెప్పులుండవు, పక్కన పిల్లలు.

కార్బన్ రకం చూడండి. టంగ్‌స్టన్ బదులు కార్బన్ ఫైబర్ పట్టీ. కొద్ది సెకన్లలో వేడెక్కుతుంది, వెలుగు బాగా తక్కువ, మసక నారింజ రంగు. ఇది ఇచ్చే కిరణాలు ఎక్కువగా 2 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం చుట్టుపక్కల ఉంటాయి. వాటిని మన చర్మం పైపొరే పట్టేస్తుంది కాబట్టి అదే వాట్లకి వేడి హాయిగా తెలుస్తుంది. మన వరండాలకి మా ఓటు దీనికే. ముగ్గురు కూర్చునే చోటికి 1,200 నుంచి 1,500 వాట్లు చాలు.

సిరామిక్, లైటు రాని నల్ల ప్యానెల్ రకాలకి అసలు వెలుతురే ఉండదు. పురుగుల బాధ లేదు, చాలా ఏళ్లు వస్తాయి. అయితే వేడెక్కడానికి పది నిమిషాలైనా పడుతుంది. పైగా గాలి ఆ ప్యానెల్ ముఖాన్నే చల్లార్చేస్తుంది. మూడు వైపులా మూసిన సిటౌట్‌కి మంచివే, డాబా మీద అయితే కొనకండి.

గ్యాస్ గొడుగు గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. పూర్తి మంటలో 13 కిలోవాట్ల దాకా ఇస్తుంది, దానికి గంటకి దాదాపు కిలో గ్యాస్ తాగుతుంది. ఇంటి సిలిండరు వంటకే తప్ప దీనికి వాడకూడదు, 19 కిలోల కమర్షియల్ సిలిండరే తెచ్చుకోవాలి. గొడుగు పైన కనీసం మీటరు ఖాళీ కావాలి కాబట్టి మన పెంకుటింటి వసారాల్లోకి, పందిళ్ల కిందికి రానేరాదు. పెళ్లి లాన్లకి బాగుంటుంది. ఇంటికి మాత్రం వద్దనే చెబుతాం. బొగ్గుల కుంపటి పెట్టుకుంటే ఆరుబయటే. తెరలు దించిన వరండాలో పెడితే కార్బన్ మోనాక్సైడ్ నిలిచిపోతుంది, దానికి వాసన కూడా ఉండదు.

కరెంటు దగ్గరికి వద్దాం. ఎక్కువ హీటర్లు పాడయ్యేదీ, ప్లగ్గులు కాలేదీ ఇక్కడే. 1,500 వాట్లంటే 230 వోల్టుల దగ్గర 6.5 ఆంపియర్లు. అంటే టీవీకి, ఫోనుకి వాడే 6 ఆంపియర్ల చిన్న ప్లగ్గుకి అదే ఎక్కువ. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద పెడితే పిన్ను దగ్గర నల్లబడి కరుగుతుంది. వరండాకి వేరే లైను లాగించండి: 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 16 ఆంపియర్ల సాకెట్టు, 16 ఆంపియర్ల ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనంతట తానే పడిపోయే స్విచ్), 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు బయటికి లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్). ఆర్‌సీసీబీ లేకుండా బయట హీటర్ వాడొద్దు. ఎర్తింగ్ కూడా చూపించుకోండి. ఉప్పునేలల్లో ఎర్తింగ్ జీఐ పైపుని, అంటే జింకు పూత వేసిన ఇనప పైపుని, తుప్పు తొందరగా తినేస్తుంది, పైకి వైరు బాగానే కనిపిస్తుంది.

వోల్టేజీ సంగతి కూడా చెప్పుకోవాలి. మీ ట్రాన్స్‌ఫార్మర్ మీదే రొయ్యల చెరువుల్లో నీళ్లకి గాలి కలిపే ఏరేటర్లు ఉంటే రాత్రి 190 వోల్టులకి పడొచ్చు. అప్పుడు 1,500 వాట్ల సిరామిక్ హీటర్ ఇచ్చేది వెయ్యి వాట్లకి కాస్త పైన. వోల్టేజీ ఆరో వంతు తగ్గితే వేడి మూడో వంతు దాకా తగ్గుతుంది. హీటర్ చెడిపోయిందని మెకానిక్కుని పిలిచే ముందు మీటరు పెట్టి వోల్టేజీ చూడండి. ఖర్చంటారా, 1,500 వాట్లు రెండు గంటలు వేస్తే 3 యూనిట్లు.

ఇదిగో, కార్బన్ హీటర్ వెనక మూత తీస్తున్నాను. కెమెరా దగ్గరికి తెస్తాను చూడండి. మూత అంచు చుట్టూ ఈ నల్ల సిలికాన్ రబ్బరు ఎక్కడా తెగకుండా ఉండాలి. వైరు లోపలికి వచ్చే చోట దాన్ని పట్టి ఉంచే బిరడా, అంటే గ్లాండు, బిగుతుగా ఉండాలి. వైరుని లాగితే కదలకూడదు. పెట్టె మీద ఐపీ నంబరు చూడండి, దుమ్ముకీ నీటికీ ఎంత తట్టుకుంటుందో చెప్పేది అదే. ఐపీ44 అంటే ఏ వైపు నుంచి నీళ్లు చిలికినా ఆగుతాయి, ఐపీ55 అయితే దుమ్ముకీ, గొట్టంతో కొట్టే నీటికీ తట్టుకుంటుంది. వరండా లోపలికి 44 సరిపోతుంది. ఏటవాలు వాన కొట్టే అంచుకి, డాబాకి 55 తీసుకోండి.

అంతర్వేది, ఓడలరేవు, నరసాపురం తీరం వైపు వాళ్లకి ఉప్పుగాలి ఉంది కాబట్టి బాడీ కూడా చూసి కొనాలి. షాపులో అయస్కాంతం పెట్టి, అంటుకోలేదు కాబట్టి మంచి స్టీలు అంటారు. అంటుకుంటే అది తక్కువ రకం స్టీలో, మామూలు ఇనుమో అని తెలుస్తుంది, నిజమే. కానీ తొందరగా తుప్పు పట్టే 202 రకానికీ అయస్కాంతం అంటదు. ఎస్ఎస్ 304 అని బిల్లు మీద రాయించుకోండి, లేదా పౌడర్ కోటింగ్ అల్యూమినియం తీసుకోండి. స్క్రూలు కూడా స్టెయిన్‌లెస్సే ఉండాలి. బాడీ బాగుండి స్క్రూలు తుప్పు పట్టి ఊడిరాక, గొట్టం మార్చలేక పారేసినవి ఎన్నో.

బిగించేటప్పుడు నేల నుంచి 1.8 మీటర్లకి తగ్గకుండా, 2.2 మీటర్లు దాటకుండా పెట్టండి. ఇంకా ఎత్తుకి పోతే వేడి చాలా తొందరగా పలచబడుతుంది. దూరం రెట్టింపైతే దాదాపు నాలుగో వంతే తగులుతుంది. ముఖాన్ని 30 నుంచి 45 డిగ్రీలు కిందికి వంచి, తల మీదికి కాకుండా నడుము వైపు గురిపెట్టండి. పైకప్పుకి 30 సెంటీమీటర్లు వదలాలి, మీ మోడల్ పుస్తకంలో ఎక్కువ రాసి ఉంటే అదే వదలండి. పెంకుటింటి చూరు కిందికి వంగి ఉంటుంది కాబట్టి అంచున కాకుండా గోడ వైపే బిగించాలి. తాటాకు పందిరి కింద, పీవీసీ సీలింగ్ కింద వద్దండి, పండక్కి కట్టిన కాగితం తోరణాల దగ్గర కూడా వద్దు.

చివరిగా, డిసెంబరులో ఎక్కువగా వచ్చే కంప్లయింటు. వానాకాలమంతా ఊరికే ఉన్న నల్ల ప్యానెల్ హీటర్‌కి స్విచ్ వెయ్యగానే ఆర్‌సీసీబీ పడిపోతుంది. ఈ రకంలో చాలావాటికి లోపల లోహపు రాడ్డు, అందులో మెగ్నీషియం ఆక్సైడ్ పొడి ఉంటాయి. ఆ పొడి నెలల తరబడి మన తేమని పీల్చుకుని కరెంటుని బాడీకి వదులుతుంది. దాన్ని ఆపడానికే ఆర్‌సీసీబీ పడింది. కొందరు ఎలక్ట్రీషియన్లు ఆర్‌సీసీబీనే తప్పించి లైను కలిపేస్తారు. దయచేసి ఒప్పుకోవద్దు. హీటర్‌ని విప్పి రెండు మూడు రోజులు మంచి ఎండలో ఆరబెట్టండి, కరెంటు బాడీకి లీకవుతోందో లేదో చూసే మెగ్గర్ అనే మీటరుతో కొలిపించండి. 1 మెగాఓమ్ పైన వస్తేనే మళ్లీ బిగించండి. అప్పటికీ రాకపోతే రాడ్డు మార్చాల్సిందే.

సంక్రాంతి వెళ్లి చలి తగ్గాక గోడ మీద వదిలెయ్యకుండా విప్పి, తడి లేని గుడ్డతో రిఫ్లెక్టరు తుడిచి, అటక మీద పొడి చోట పెట్టుకోండి. గోడ మీదే ఉంచాల్సి వస్తే కవరు కింద వైపు తెరిచి ఉంచండి, మొత్తం మూసి కట్టేస్తే చెమ్మ లోపలే పట్టి ఉంటుంది. మళ్లీ వాడే ముందు వెనక మూత ఒకసారి తీసి చూడండి. కందిరీగలు మట్టి గూళ్లు పెట్టేది అక్కడే.