ఒహాయో ఒడ్డున ఓ పడవల యార్డు

శ్రోతలకు నమస్కారం.

అమెరికాలో ఒహాయో నది పిట్స్‌బర్గ్‌లో మొదలై, 981 మైళ్లు పారి మిసిసిపీలో కలుస్తుంది. అంత దూరంలోనూ రాతి బండలు అడ్డంగా పరుచుకుని, పడవలు సాగకుండా చేసే చోటు ఒక్కటే ఉంది, లూయివిల్ నగరం దగ్గర. వెనకటి రోజుల్లో పడవలు అక్కడికొచ్చి ఆగిపోయేవి. 1830లో పక్కనుంచి కాలువ తవ్వారు గానీ, పెద్ద స్టీమర్లు వచ్చేసరికి అదీ ఇరుకైపోయింది. పడవలు ఆగేచోట వడ్రంగికీ కమ్మరికీ పనికి కొదవేముంటుంది? లూయివిల్‌కు ఎదురుగా, ఇండియానా రాష్ట్రం వైపు ఒడ్డున జెఫర్సన్‌విల్ అని చిన్న ఊరు. 1834లో జేమ్స్ హోవర్డ్ అనే కుర్రాడు అక్కడ ‘హైపీరియన్’ అనే స్టీమర్ కట్టి నీళ్లలోకి దించాడు. ఇంగ్లండులో పుట్టి, చిన్నప్పుడే అమెరికా వచ్చి, సిన్సినాటిలో పని నేర్చుకున్నవాడు. అప్పటికింకా ఇరవై ఏళ్లు నిండలేదు.

మధ్యలో కొన్నేళ్లు వేరే ఊళ్లలో కట్టినా, మళ్లీ జెఫర్సన్‌విల్‌కే వచ్చి స్థిరపడ్డాడు. ఇరవయ్యో శతాబ్దంలో జెఫ్‌బోట్ అన్న పేరుతో పిలిచిన కంపెనీకి మూలం ఈ హోవర్డ్ల యార్డే.

1876లో ఫెర్రీ మీద నది దాటుతుండగా గుర్రం బెదిరి, బండితో సహా నీళ్లలో పడి జేమ్స్ చనిపోయాడు. తర్వాత కొడుకు ఎడ్మండ్స్ చేతికి పని వచ్చింది. 1878లో ఈ యార్డు కట్టిన ‘జె. ఎం. వైట్’ పొడవు సుమారు 320 అడుగులు. నీళ్లమీద తేలే రాజభవనం లాంటి స్టీమర్! ఎనిమిదేళ్లకే కాలిపోయింది. అప్పటి చెక్క స్టీమర్ల బతుకంతే. నీళ్ల అడుగున దాగిన మొద్దు తగిలి ఒకటి, బాయిలర్ పేలి ఒకటి, మంచుగడ్డల మధ్య నలిగి ఇంకొకటి పోయేవి. పదేళ్లు తిరిగితే గొప్ప. చెప్పుకోవడానికి బాగుండదు గానీ, యార్డుకు అన్నం పెట్టింది ఒక విధంగా ఇదే. పాతది మునిగితే కొత్తదానికి ఆర్డరు వచ్చేది.

ఆ డబ్బుతో హోవర్డ్లు 1890లలో ఒక మేడ కట్టుకున్నారు. స్టీమర్లలో నగిషీలు చెక్కిన వడ్రంగులే ఆ ఇంటి మెట్లూ తలుపులూ చెక్కారు. ఇప్పుడది మ్యూజియం. ఊరికి పేరు తెచ్చింది నీళ్లమీద తేలే ఆ రాజభవనాలేనని ఒప్పుకుంటాను. కంపెనీని ఇరవయ్యో శతాబ్దంలో బతికించింది మాత్రం అందచందాలేమీ లేని ఇనప పెట్టె, సొంత ఇంజను లేకుండా సరుకు మోసే బార్జీ.

రైళ్లు వచ్చాక ప్రయాణికుల స్టీమర్ల పని అయిపోయింది. 1929 నాటికి ఒహాయో పొడవునా ఆనకట్టలూ లాకులూ కట్టి, ఏడాది పొడవునా కనీసం 9 అడుగుల లోతు ఉండేలా చేశారు. బొగ్గుకూ నూనెకూ దారి దొరికింది. హోవర్డ్లకు మాత్రం కలిసిరాలేదు. ఆర్థిక మాంద్యానికి తోడు 1937 జనవరిలో వచ్చిన వరద యార్డును ముంచేసింది. ఆ తర్వాత స్థలం నౌకాదళం చేతికి వెళ్లింది. పక్కనే కొత్తగా పుట్టిన జెఫర్సన్‌విల్ బోట్ అండ్ మెషీన్ కంపెనీ, అంటే తర్వాతి జెఫ్‌బోట్, రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడ 123 ఎల్‌.ఎస్‌.టి. ఓడలు కట్టింది. ట్యాంకులను నేరుగా ఒడ్డుకు దించే ఓడలు ఇవి, ఒక్కోటి 328 అడుగులు. సముద్రానికి వందల మైళ్ల దూరంలో, మొక్కజొన్న చేల పక్కన వాటిని కట్టి, నదిలోకి అడ్డంగా జార్చి, మిసిసిపీ మీదుగా న్యూ ఆర్లియన్స్‌కు పంపారు. పక్కకు వాలి ధబ్బున నీళ్లలో పడేవి.

యుద్ధం అయ్యాక అదే పద్ధతిలో బార్జీలూ, వాటిని నడిపే టోబోట్లూ కట్టారు. మన గోదావరి కాలువల మీద ఒకప్పుడు మనుషులు గట్టున నడుస్తూ తాళ్లతో పడవలు లాగేవారు. టోబోటు అలా లాగదు, వెనక నిలబడి నెడుతుంది. లాగితే ప్రొపెల్లరు వెనక్కి చిమ్మే నీరు బార్జీలకే కొట్టుకుని బలం వృథా అవుతుంది. పైగా వంపుల దగ్గర బార్జీలు చెరో పక్కకు కొట్టుకుపోతాయి. అందుకే 15 బార్జీలను ఇనప తాళ్లతో బిగించి ఒకే తెప్పలా చేస్తారు. వరసకు మూడు, అలా అయిదు వరసలు. ఒక్కో బార్జీ 195 అడుగుల పొడవు, 35 అడుగుల వెడల్పు, 1500 టన్నుల సరుకు. మూడు కలిస్తే వెడల్పు 105 అడుగులు. లాకు వెడల్పేమో 110. చెరో పక్కన రెండున్నర అడుగుల సందు! పైలట్‌కు టెన్షన్ ఎందుకుండదు చెప్పండి.

ఇంజనీరింగ్ అసలు సంగతి నీటి అడుగున ఉంది. ఓడకు చుక్కాని ప్రొపెల్లరు వెనక ఉంటుంది. ఇంజను వెనక్కి తిప్పితే నీటి ధాటి దానిమీద పడదు, ఇక అది మాట వినదు. ప్రవాహంతో పాటు దిగే టోబోటు వంపు దగ్గర వెనక్కి లాగుతూనే తిరగాలి. అందుకని ప్రొపెల్లరు ముందు కూడా మరికొన్ని చుక్కానులు పెడతారు. లోతు తక్కువ కాబట్టి, పడవ అడుగు భాగాన్ని సొరంగంలా పైకి వంచి పెద్ద ప్రొపెల్లర్లను అందులో అమరుస్తారు.

1976లో ‘మిసిసిపీ క్వీన్’ అనే విహార స్టీమర్ కూడా ఈ యార్డే కట్టింది. అయినా రోజువారీ కూడు బార్జీలదే. అమెరికా లోతట్టు నదుల మీద అతిపెద్ద యార్డుగా పేరు తెచ్చుకున్నాక, నదిలో బార్జీలు అవసరానికి మించి పోగయ్యాయి, కొత్త ఆర్డర్లు ఆగాయి. పైగా ఇనప బార్జీ పాతికేళ్లకు పైగానే తిరుగుతుంది. పాత చెక్క స్టీమర్లలా తొందరగా మునిగి కొత్త ఆర్డరు తెచ్చిపెట్టదు. 2018 మార్చిలో యజమానులు మూసివేత ప్రకటించారు. కొత్త బార్జీల పని వేరే రాష్ట్రాల యార్డులకు పోయింది.

నమస్కారం.