ముక్కు సంగతి సరే, పేగు మాటేమిటి?

అధ్యక్షులవారికి, కార్యవర్గానికి, పెద్దలకు, పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని ఓపిగ్గా కూర్చున్న తల్లులకు నమస్కారం. పేర్లు చదువుతూ పోతే నాకిచ్చిన సమయం కాస్తా అయిపోతుంది. బెంగళూరు గాలి, ఉబ్బసం గురించి మాట్లాడమన్నారు. వయ్యారిభామ పుప్పొడి, బండ్ల పొగ, పరుపుల్లో ధూళిపురుగులు మీకు కొత్త కావు. అందుకే ముక్కును వదిలేసి పేగు దగ్గరికి వెళ్దాం.

మనకు అరగని పీచును పెద్దపేగులోని బ్యాక్టీరియా పులియబెడతాయి. అసిటేట్, ప్రొపియోనేట్, బ్యుటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలు పుడతాయి. 2014లో స్విట్జర్లాండ్ పరిశోధకులు ఎలుకలకు పీచు ఎక్కువ పెట్టి చూశారు. రక్తంలో చేరిన ప్రొపియోనేట్ వల్ల ఎముక మజ్జలో పుట్టే డెండ్రిటిక్ కణాల, అంటే రోగనిరోధక వ్యవస్థకు కబురందించే కణాల, తీరే మారింది. అవి ఊపిరితిత్తులకు చేరాక, అలర్జీని నడిపించే టీహెచ్2 అనే తెల్లరక్తకణాలను అంతగా రెచ్చగొట్టలేకపోయాయి. టీహెచ్2 రెచ్చిపోతే ఐజీఈ అనే అలర్జీ యాంటీబాడీ పెరుగుతుంది, ఇసినోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు శ్వాసనాళాల్లో చేరతాయి, వాపు, కఫం, పిల్లికూతలు. ఇది ఎలుకల మాట, మరవకండి.

మనుషుల మాట కెనడా నుంచి వచ్చింది. 2015లో 319 మంది శిశువుల మలం పరీక్షించారు. ఉబ్బసం ముప్పున్న పిల్లల్లో మొదటి 100 రోజుల్లో ఫీకాలిబ్యాక్టీరియం, లాక్నోస్పైరా, వీలొనెల్లా, రోథియా అనే నాలుగు రకాల బ్యాక్టీరియా తక్కువగా ఉన్నాయి. ఏడాది నిండేసరికి ఆ తేడా చాలావరకు కనబడలేదు. మొదటి 100 రోజులు, అమ్మా, మొదటి 100 రోజులు!

అసలు నా మొర ఇక్కడే. మామూలు జలుబు వైరస్‌ది. దానికి యాంటీబయోటిక్ పోస్తే వైరస్‌కేమీ కాదు, పేగులోని మంచి బ్యాక్టీరియా పోతాయి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో 2000 నుంచి 2014 వరకు పసిపిల్లలకు యాంటీబయోటిక్స్ తగ్గాయి. అదే కాలంలో ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో కొత్త ఉబ్బసం కేసులు వెయ్యికి 27.3 నుంచి 20.2కు దిగాయి. ఒకటి మరొకదానికి కారణమని ఇంతటితో తేలిపోదు, కానీ కొట్టిపారేసే లెక్కా కాదు. మన వీధిలో మాత్రం చీటీ లేకుండానే మందుల షాపువాడు సీసా చేతిలో పెడతాడు. పోయినసారి మిగిలిన సిరప్పును ఫ్రిజ్‌లో దాచినవాళ్లు ఎంతమంది? చేతులెత్తొద్దులెండి. నీళ్లు కలిపిన కో-అమాక్సిక్లావ్ అనే యాంటీబయోటిక్ సిరప్పు ఫ్రిజ్‌లోనైనా వారమే. పారబోయండి. అలాగని నిమోనియాకు డాక్టరు రాసిన కోర్సును మధ్యలో ఆపేరు!

తర్వాత ప్రోబయోటిక్ పొట్లాలు, అంటే మంచి బ్యాక్టీరియా అని అమ్మేవి. గాలి తగిలితే చచ్చే ఫీకాలిబ్యాక్టీరియం వాటిలో ఉండదు. ఉబ్బసం రాకుండా ఆపుతాయని పరీక్షల్లో తేలనూ లేదు. డబ్బు దండగ.

ఆరు నెలల దాకా తల్లిపాలే. బిడ్డకు అరగని చక్కెరలు అందులో ఉంటాయి, బైఫిడోబ్యాక్టీరియా అనే పేగు బ్యాక్టీరియాకు అదే మేత. తర్వాత ఈ ఊళ్లో దొరికే రాగి ఉండనే ఉంది. 100 గ్రాముల రాగుల్లో పీచు దాదాపు 11 గ్రాములు, పాలిష్ బియ్యంలో మూడుకు లోపే. ఒక్కసారిగా పెంచితే కడుపుబ్బరం, మెల్లగా పెంచండి.

సంగటి తింటున్నాడు కదా అని నివారణ ఇన్‌హేలర్ ఆపేసేవాళ్లున్నారు. ఆపొద్దు. వాపును అదుపులో పెట్టేది అదే. డబ్బా ఊపి, ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం, అదే స్పేసర్, దాని మాస్కును సందు లేకుండా ముఖానికి ఆనించి, అందులోకి ఒక్క పఫ్ మాత్రమే కొట్టి, అయిదారు ఊపిర్లు పీల్పించాలి. తర్వాత నోరు పుక్కిలించాలి, లేదంటే నాలుక మీద తెల్లటి ఫంగస్ పడుతుంది. స్పేసర్లు వెంట తెచ్చుకున్నవాళ్లు ముందు వరుసలోకి రండి, పట్టుకునే తీరు చూద్దాం.