నీలి తెర ఎవరి ఖాతాలో?

అందరికీ నమస్కారం.

2024 జూలై 19న కంప్యూటర్లు నీలి తెర చూపించి, మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతుంటే చాలామంది 'విండోస్ పోయింది' అన్నారు. పోయింది విండోసే, పోగొట్టింది మాత్రం వేరేవాళ్లు. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సంస్థ పంపిన ఒక చిన్న ఫైలు! మైక్రోసాఫ్ట్ అంచనాలో 85 లక్షల యంత్రాలు పడిపోయాయి.

ఆ సంస్థ సాఫ్ట్‌వేర్ ఫాల్కన్, ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్‌లో కూర్చుని పనిచేస్తుంది. కొత్త ఫైలు 21వ విలువను చూడమంది. ఫాల్కన్‌కి అందినవి 20. లేని ఆ ఒక్కదాని కోసం తనది కాని మెమరీలో చెయ్యి పెట్టింది. మామూలు యాప్ ఈ పని చేస్తే అదొక్కటే మూతపడుతుంది. కెర్నెల్‌లో జరిగితే సిస్టమ్ మొత్తం ఆగిపోవాలి, డేటా పాడవకుండా. కాబట్టి నీలి తెరను నేను విండోస్ తప్పు కింద రాయను.

78 నిమిషాల్లో ఫైలును వెనక్కి తీసుకున్నారు. కానీ పూర్తిగా ఆన్ కూడా కాని కంప్యూటరుకి సరైన ఫైలు అందేదెలా? ఎన్నో చోట్ల మనిషే యంత్రం దగ్గరికి వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి, పేరులో 291 ఉన్న ఫైలును వెతికి డిలీట్ చేయాల్సి వచ్చింది. డిస్క్‌కి తాళం వేసే విండోస్ రక్షణ బిట్‌లాకర్ ఉంటే ముందు 48 అంకెల రికవరీ కీ కొట్టాలి. ఆ కీలు దాచిన సర్వరే పడిపోయి ఉంటే? ఐటీ వాళ్ల అసలు టెన్షన్ అది.

'టెస్ట్ చేయకుండా అప్‌డేట్ ఎందుకు వేసుకున్నారు' అని వాళ్లనే తిట్టినవాళ్లున్నారు. ఒక వెర్షన్ వెనకే ఉంటామని సెట్టింగ్ పెట్టుకున్నవాళ్ల యంత్రాలూ పడ్డాయండీ! ఆ సెట్టింగ్ సాఫ్ట్‌వేర్ వెర్షన్లకే, కొత్త ముప్పుల్ని గుర్తించడానికి పంపే ఇలాంటి కంటెంట్ ఫైళ్లకు వర్తించలేదు. మీట చేతిలో లేనివాణ్ని నిలదీసి ఏం లాభం? ముందు కొద్దిమందికి పంపి, చూసి, తర్వాత అందరికీ పంపే వీలు క్రౌడ్‌స్ట్రైక్‌కే ఉంది. విడతల పద్ధతి తెస్తామని వాళ్లు చెప్పింది ఇంత జరిగాకే.

మరి అంత లోపలికి రానిచ్చిన మైక్రోసాఫ్ట్? యూరోపియన్ కమిషన్‌తో 2009లో కుదిరిన ఒప్పందాన్ని చూపించింది. నిజమే, తన సెక్యూరిటీ ఉత్పత్తులకున్న దారులే ఇతరులకూ ఇస్తానని అందులో మాటిచ్చింది. అయితే అది సమానత్వం గురించిన మాట. తన సాఫ్ట్‌వేర్‌తో సహా అందరినీ కెర్నెల్ బయట కూర్చోబెట్టినా మాట తప్పినట్టు కాదని నా అభిప్రాయం. ఆపిల్ 2019లోనే మాక్‌లో అలాంటి దారి వేసింది. మైక్రోసాఫ్ట్‌కీ ఓ వాటా ఉంది, చిన్నదే.

ఇక డబ్బు సంగతి. దాదాపు 7 వేల విమానాలు రద్దు చేసుకున్న డెల్టా ఎయిర్‌లైన్స్, 50 కోట్ల డాలర్లకు పైగా నష్టపోయామంటూ అమెరికాలోని జార్జియా రాష్ట్ర కోర్టుకెక్కింది. బాధ్యతకు ఒప్పందంలోనే పరిమితి ఉందని క్రౌడ్‌స్ట్రైక్ వాదన. మనం చదవకుండా 'ఐ అగ్రీ' నొక్కే పత్రాల్లోనూ ఇలాంటి వాక్యమే ఉంటుంది లెండి. అయినా తీవ్ర నిర్లక్ష్యం, అనుమతి లేకుండా కంప్యూటర్లలోకి చొరబడటం అనే ఆరోపణల మీద కేసు నడవొచ్చని 2025 మేలో జడ్జి తేల్చారు. ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపేసి పెట్టుకున్నా ఫైలు వచ్చిపడిందని, చొరబాటంటే అదేనని డెల్టా వాదన.