చొక్కా వద్దనే బిడ్డతో పొద్దునపూట

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో బిడ్డల్ని చంకనేసుకుని వచ్చిన తల్లులకూ, అవ్వలకూ, వెనక వరసలో కూర్చున్న తాతలకూ. పిల్లలు అటూ ఇటూ పరిగెత్తుతున్నారని ఎవరూ మొహమాటపడొద్దు. ఈ రోజు మాట్లాడుకునేది వాళ్ల గురించే.

ఏడాదిన్నర నుంచి మూడేళ్ల లోపు బిడ్డకు చొక్కా తొడగాలంటే ఇల్లంతా వెంటపడి తిరగాలి. రెండు రోజులు అట్లా తిరిగేసరికి "వీడు మొండోడమ్మా" అని పేరు పెట్టేస్తాం. పేరు పెట్టే ముందు ఆ చొక్కాను ఒకసారి చూడండి. తిరగేసి మీ మెడకు రుద్దుకోండి. మెడ వెనక లేబుల్, చంక దగ్గరి నైలాన్ దారం, పట్టులంగా జరీ అంచు ఎట్లా గీసుకుంటాయో తెలుస్తుంది. తిరుపతి ఎండలు 40 డిగ్రీలు దాటే రోజుల్లో మెడ మడతల్లో, నడుము చుట్టూ చెమటకాయలు లేస్తాయి. వాటి మీద బిగుతు ఎలాస్టిక్ పడితే పెద్దవాళ్లమే ఓర్చుకోలేం. రెండేళ్ల బిడ్డకు "మంటగా ఉందమ్మా" అని చెప్పడం రాదు. వచ్చిన మాట "వద్దు" ఒక్కటే.

మెడ సంగతీ అంతే. రెండేళ్లకు తల చుట్టుకొలత దాదాపు 48 సెంటీమీటర్లు ఉంటుంది. బనియన్ మెడను సాగదీసి టేపుతో కొలవండి. అంతకంటే రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువ రాకపోతే చెవులు మడత పడతాయి, కళ్ల మీద గుడ్డ చిక్కుకుంటుంది, ఒక్క క్షణం ఊపిరాడనట్టు అనిపిస్తుంది. మరుసటి రోజు ఆ బనియన్ కంటబడగానే బిడ్డ మంచం కిందికి దూరుతాడు. తొడిగేటప్పుడు బనియన్‌ను చుట్టలా నొక్కి పట్టి ముందు తల వెనక భాగం మీద పెట్టాలి. తర్వాత ముందు భాగాన్ని రెండు చేతులతో సాగదీసి, ముక్కుకు తగలకుండా ఎడంగా దించాలి.

ఇప్పుడు చెయ్యి. దీని దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే ఇక్కడ దెబ్బ తగులుతుంది. బిడ్డ గింజుకుంటున్నప్పుడు మణికట్టు పట్టి లాగితే మోచేతి దగ్గరి ఎముక తన పట్టీలోంచి కొంచెం జారుతుంది. ఒకటి నుంచి నాలుగేళ్ల లోపు పిల్లల్లో ఇది తరచుగా జరిగేదే. వాపు కనబడదు. బిడ్డ ఒక్కసారి ఏడ్చి, ఆ చేతిని కొంచెం వంచి ఒంటికి ఆనించుకుని, బొమ్మ ఇచ్చినా రెండో చేత్తోనే తీసుకుంటాడు. అట్లా కనబడితే ఇంట్లో తిప్పి చూడొద్దు, నూనె రాసి లాగొద్దు. పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. ఎక్కువసార్లు నిమిషంలో సరిచేసేస్తారు. అసలు ఈ తిప్పలు లేకుండా ఉండాలంటే మీ చెయ్యే ముందు చొక్కా చేతిలో బయటి నుంచి లోపలికి దూర్చండి. బిడ్డ అరచెయ్యి మీ అరచేతిలోకి తీసుకుని, చొక్కా చేతిని మీ మణికట్టు మీది నుంచి వాడి భుజం వైపుకు జరపండి. కదలాల్సింది గుడ్డ, బిడ్డ చెయ్యి కాదు.

చొక్కా బాగానే ఉంది, ఒంట్లో బాగానే ఉంది, అయినా పేచీ పెడుతున్నాడంటే, తన పని మనం లాక్కుంటున్నామని కోపం. ఆ పని మొత్తం ఇస్తే చేతకాక ఏడుస్తాడు. అందుకే చివరి ముక్క మాత్రం ఇవ్వాలి. నిక్కరు తీసుకోండి. గోడకు ఆనించి చిన్న పీట మీద కూర్చోబెట్టి, రెండు కాళ్లూ మీరే దూర్చి, నిలబెట్టి, పిర్రల పైదాకా లాగండి. మిగిలిన నాలుగు వేళ్ల ఎత్తు వాడే లాక్కుంటాడు. వారం పది రోజులకు అది అలవాటయ్యాక మోకాళ్ల దగ్గరే ఆపండి. ఆ తర్వాత చీలమండల దగ్గర. కాళ్లు దూర్చుకోవడం ఆఖర్న వస్తుంది. మొదట్నుంచీ నేర్పబోతే ఒక కాలి దాంట్లో రెండు కాళ్లూ పెట్టి బోర్లా పడతాడు. విప్పడం తొందరగా వస్తుంది, తొడుక్కోవడం ఆలస్యంగా వస్తుంది. గుండీలు మూడేళ్లు దాటాక చూసుకుందాం, అంతదాకా ఎలాస్టిక్కే మేలు.

మన మాట తీరులోనూ ఒక చిక్కుంది. "చొక్కా వేసుకుందామా నాయనా?" అని ముద్దుగా అడుగుతాం. అడిగితే వద్దంటాడు, మరి అడిగాం కదా! వద్దంటే ఒప్పుకోగలిగిన దాన్నే అడగండి. "పచ్చదా, ఎర్రదా?" రెండే, మూడోది చూపించొద్దు. "ఐదు నిమిషాల్లో బయల్దేరాలి" అన్నా వాడికేం అర్థం కాదు. "ఇంకా రెండుసార్లు కారు తిప్పు, తర్వాత నిక్కరు" అంటే అర్థమవుతుంది. రెండుసార్లయ్యాక మాట మార్చొద్దు. బూచోడు, పోలీసోడు ఈ ఇంట్లోకి రానక్కర్లేదు. ఫోన్ చేతికిచ్చి తొడిగేస్తే ఆ పూటకు పనవుతుంది, రేపు ఫోన్ లేకుండా కాదు. రెండేళ్ల లోపు పిల్లలకు తెర వద్దనీ, రెండేళ్లు దాటాక రోజుకు గంట మించొద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది.

పళ్లు తోమేటప్పుడు బిడ్డ తల మీ ఒళ్లో వెనక్కి ఆనాలి. మూడేళ్ల లోపు పేస్టు బియ్యపుగింజంత చాలు. ముందు మీరు తోమి, చివర్న బ్రష్ వాడికివ్వండి. ఇక్కడా అదే లెక్క.

చివరగా, మన ఊళ్లో అందరికీ ఎదురయ్యే పని. కొండ మీద తలనీలాలు. కల్యాణకట్టలో బిడ్డ బెదిరేది బ్లేడు చూసి కాదు, నెత్తిన చల్లటి నీళ్లు పడి, కొత్త మనిషి చెయ్యి తగిలి. వారం ముందు నుంచే స్నానానికి ముందు తల తడిపి, వేళ్లతో మాడు మీద నుంచి మెడదాకా మెల్లగా నిమరండి. ఒళ్లో మీకు ఎదురుగా కూర్చోబెట్టుకుని, వాడి కాళ్లు మీ నడుముకు రెండు వైపులా ఉంచి, నుదురు మీ భుజానికి ఆనించుకుంటే తల కదలదు. నిద్ర ముంచుకొచ్చే వేళ, ఆకలేసే వేళ తీసుకుపోవద్దు. గుండు అయ్యాక చందనంలో వేలు ముంచి రాసుకోమనండి. కొండగాలికి టోపీ కావాలి, అదీ వద్దంటాడు. తాత కూడా మొక్కు తీర్చుకుంటే మంచిది. ముందు తాత గుండుకు వాడి చేత టోపీ పెట్టించండి.