పాన్ అడుగున ఏముంది?

మిత్రులందరికీ నమస్కారం.

అమెరికాకు చదువుకు వచ్చే మన పిల్లల్లో చాలామంది మొదట కొనేది ఎవరో ఏళ్ల తరబడి వాడిన ఆటోమేటిక్ కారు. కొన్నాళ్లకు అది గేరు మారేటప్పుడు జారడమో, కుదపడమో మొదలుపెడుతుంది. మెకానిక్ కింద ట్రాన్స్‌మిషన్ (గేర్లు మార్చే పెట్టె) అడుగున ఆయిల్ పట్టి ఉంచే పళ్లెం, అంటే ఆయిల్ పాన్ విప్పి, "లోహం వచ్చింది, ట్రాన్స్‌మిషన్ మార్చాలి" అంటాడు. అతని మాట నిజమే కావచ్చు. అయినా సంతకం పెట్టే ముందు, ఆ పాన్ ఒకసారి చూపించమని అడగండి. అందులో లోహం ఉండడం వింత కాదు. ఏ లోహం, ఏ ఆకారంలో ఉందన్నదే చూడాలి.

చాలా పాన్‌ల అడుగున ఒక అయస్కాంతం ఉంటుంది. బాగా పాత బండ్లలో కొన్నింటికి అదీ ఉండదు. అయస్కాంతానికి పట్టిన బూడిదరంగు ముద్దను గ్లవ్స్ తొడిగిన వేళ్ల మధ్య నలపండి. కాటుకలా మెత్తగా సాగితే కంగారు అక్కర్లేదు. ఉక్కు ప్లేట్లు, గేర్ల పళ్లు ఏళ్లుగా ఒరుసుకోగా రాలిన పొడి అది. ఆయిల్, ఫిల్టర్ మార్చి నడుపుకోవచ్చు. లక్ష మైళ్లు తిరిగిన బండిలో ఆ ముద్ద బొత్తిగా లేకపోతేనే నాకు అనుమానం. అమ్మే ముందు ఎవరో పాన్ కడిగి, కొత్త ఎర్రటి ఆయిల్ పోసి ఉండవచ్చు.

గరుకు తగిలితే కథ వేరు. రేకుల్లాంటి ఉక్కు పెచ్చులు గేరు పళ్ల నుంచో, బేరింగ్ నుంచో ఊడినవి. సన్నని సూదుల వంటి రోలర్లు కనబడితే నీడిల్ బేరింగ్ చెదిరిపోయిందన్నమాట. ఆ బండిని ఇంటిదాకా కూడా నడపవద్దు.

అయస్కాంతానికి అంటని వాటిని తెల్ల కాగితం మీద ఆరబెట్టి, ఎండలో చూడండి. బంగారు మెరుపు ఉంటే అది బుష్‌లలోని (షాఫ్ట్ తిరిగే కడియాల్లోని) కంచు. పాత బండిలో నాలుగు నలుసులు కనబడితే భయం లేదు. గుప్పెడు వస్తే షాఫ్ట్ ఊగుతోందని అర్థం. వెండిలా తెల్లగా, తేలికగా ఉంటే అల్యూమినియం. కేసింగ్, పిస్టన్లు, టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా ట్రాన్స్‌మిషన్‌కు అందించే భాగం) లోపలి స్టేటర్ చక్రం వంటివి చాలావరకు దానితో చేసినవే. నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇదే. ఇనుప రజనును అయస్కాంతం పట్టి ఉంచుతుంది. దీన్ని అది పట్టలేదు. గేర్లు మార్చడానికి ఆయిల్‌ను దారి మళ్లించే వాల్వ్ బాడీలో కదిలే వాల్వులకు ఉండే సందు అతి సన్నం, అక్కడ ఇరుక్కుంటే గేరే మారదు.

లోహం కోసమే వెతికేవారు అసలు రోగాన్ని వదిలేయడమూ ఉంది. జనరల్ మోటార్స్ 1982 మోడల్ బండ్లతో తెచ్చిన 700ఆర్4 ట్రాన్స్‌మిషన్‌లోనూ, దాని తర్వాతి 4ఎల్60-ఈలోనూ మూడు, నాలుగు గేర్లను పట్టే లోపలి క్లచ్ మాడిపోవడం మామూలు ఫిర్యాదు. ఆ క్లచ్ పూత కాగితం జాతి నారతో చేసింది. అది మాడితే పాన్‌లో నల్లటి మడ్డి, ముక్కు పట్టలేని మాడు వాసన. లోహం మాత్రం పెద్దగా కనబడకపోవచ్చు.

ఒక తమాషా కూడా చెప్పాలి. ఫోర్డ్ ఏఓడీ వంటి ట్రాన్స్‌మిషన్ల పాన్‌లో పసుపు ప్లాస్టిక్ బిరడా కనబడి ఏదో విరిగిందని హడలిపోయేవారున్నారు. ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ గొట్టం బిగించేదాకా ఆ రంధ్రానికి ఫ్యాక్టరీలో పెట్టిన మూత అది. గొట్టం దిగగానే లోపలికి పడిపోతుంది. ఆ పాన్ ఇంతవరకు ఎవరూ విప్పలేదనడానికి అదే సాక్ష్యం.

ఆయిల్‌ను ప్రయోగశాలకు పంపవచ్చు, మంచిదే. కానీ ఆయిల్‌లోని లోహాలను కొలిచే మామూలు స్పెక్ట్రోమీటర్ పరీక్షకు అందేది కొద్ది మైక్రాన్ల నలుసులే. కంటికి కనబడే పెచ్చులు ఆ నివేదికలోకి రావు. అంతకంటే పాత ఫిల్టర్‌ను కోసి, లోపల ఏముందో చూడడం మేలు.

చివరగా ఖర్చు మాట. ట్రాన్స్‌మిషన్ విప్పి బాగుచేయించాల్సే వస్తే, ఆయిల్‌ను చల్లబరిచే కూలర్ సంగతి ముందే మాట్లాడుకోండి. కన్వర్టర్ నుంచి వెళ్లే ఆయిల్ ఫిల్టర్ దాటకుండానే రేడియేటర్‌లోని కూలర్‌కు చేరుతుంది. పాత లోహం ఆ రెండింటిలోనూ దాక్కుంటుంది. కన్వర్టర్ మార్చకుండా, కూలర్‌ను కడగకుండా కొత్త క్లచ్‌లు వేస్తే ఆ పెచ్చులే తిరిగి లోపలికి వస్తాయి. ఆ రెండు పనులూ బిల్లులో విడిగా రాయించుకోండి.