జర్మన్లకి గిన్నె తల ఎలా అయింది?

నమస్తే అండీ. జర్మనీలో రైలు దిగగానే కనిపించే మాట 'హౌప్ట్‌బాన్‌హోఫ్'. ఊళ్ళో ప్రధాన స్టేషన్ అన్నమాట. రాజధానిని 'హౌప్ట్‌ష్టాట్' అంటారు. ఈ 'హౌప్ట్' అసలు అర్థం తల. కానీ తలనొప్పి మాత్ర కావాలంటే మాత్రం 'కోప్ఫ్' అనే వేరే మాట వాడాలి. మరి పాత తల ఏమైపోయింది?

హౌప్ట్ చాలా పాతది. నాలుగో శతాబ్దంలో వుల్ఫిలా అనే బిషప్పు, జర్మన్‌కి చుట్టమైన పాత గోతిక్ భాషలోకి తెచ్చిన బైబిల్లో తలని 'హౌబిథ్' అన్నారు. పాత ఇంగ్లీషులో 'హేఅఫోద్', అదే అరిగి అరిగి 'హెడ్' అయింది. లాటిన్ 'కాపుట్' వీటికి చుట్టమే. లాటిన్‌లో 'క' ఉన్నచోట ఈ భాషల్లో 'హ' పలుకుతుంది: కొమ్ముని అక్కడ కోర్ను అంటే, ఇక్కడ హార్న్. దీన్ని 1822లో సూత్రంగా రాసిపెట్టినవాడు యాకోబ్ గ్రిమ్. పిల్లల కథలు సేకరించిన గ్రిమ్ అన్నదమ్ముల్లో పెద్దాయన!

ఇక కోప్ఫ్. ఇది ఇంగ్లీషు 'కప్' అన్న మాటే, లాటిన్ 'కుప్పా' నుంచి వచ్చింది. మధ్యయుగపు జర్మన్‌లో దీని అర్థం తాగే గిన్నె. గిన్నెలా ఉంటుందని పుర్రెకి ఆ పేరు పెట్టారు, చివరికి తలకే అంటుకుంది. హౌప్ట్ ఏమో స్టేషన్లకీ, రాజధానులకీ, కవిత్వానికీ వెళ్ళిపోయింది. నాకైతే ఇది భలే ఇష్టమైన కథ, ఎందుకంటే వేరే చోట్ల కూడా జనం ఇలాగే ఆలోచించారు. ఫ్రెంచ్‌లో తలని 'తెత్' అంటారు, ఆ మాట ఒకప్పుడు లాటిన్‌లో మట్టికుండ. సంస్కృతంలో కపాలం అంటే పుర్రె, భిక్షాపాత్ర కూడా. మన బుర్ర సంగతి చెప్పక్కర్లేదు: సొరకాయ బుర్రలో నీళ్ళు పోసుకుని పొలానికి వెళ్ళిన తాతలున్న ఇళ్ళు మనవి.

డచ్ వాళ్ళు మాత్రం రెండు మాటల్నీ ఉంచుకుని వాటా వేశారు. మనిషికి 'హోఫ్ట్', జంతువుకి 'కోప్'. కాఫీ కప్పు 'కోప్యె', అంటే చిన్న కోప్. మనిషి మీద కోప్ వాడితే మోటుగా ఉంటుంది. 'హౌ యె కోప్' అంటే నోర్ముయ్ అని. ఒక్క గుర్రానికే మినహాయింపు. గుర్రాలు పెంచేవాళ్ళ దగ్గర దాని తలని కోప్ అనకండి, వెంటనే సరిదిద్దుతారు: గుర్రానికి ఉండేది హోఫ్టే!